కొండకు తిరిగే స్కార్పియోకి ఏ కాలిపర్ కొనాలి?

ఈ ప్రశ్న వేసిన వారిది 2015 స్కార్పియో, ఎల్లో బోర్డు బండి. తిరుపతి నుంచి కొండకు, కాణిపాకానికి, శ్రీకాళహస్తికి యాత్రికులను తిప్పుతారు. కొన్నాళ్లుగా ముందు ఎడమ చక్రం వేడెక్కుతోంది, కొండ దిగాక కాలిన వాసన వస్తోంది, స్టీరింగ్ పట్టు వదిలితే బండి ఎడమకు పోతోంది. మెకానిక్ ముందు చక్రాల రెండు కాలిపర్లూ (బ్రేకు తొక్కినప్పుడు లోపలి పిస్టన్లతో ప్యాడ్లను డిస్క్ మీదకు నొక్కి చక్రాన్ని ఆపే భాగం) మార్చాలన్నాడు. షోరూంలో ఒరిజినల్ ఉంది, బయట స్పేర్ పార్ట్స్ కొట్టులో వేరే పెట్టెలో ఉంది, చెన్నై పుదుపేట నుంచి పాతది తెప్పిస్తానని ఒకాయన అంటున్నాడు, ఆన్‌లైన్‌లో ఎర్ర రంగు నాలుగు పిస్టన్ల కిట్ ఒకటి చూశారు. వీటిలో ఏది కొనాలన్నది ప్రశ్న.

నేనైతే మీ చాసిస్ నంబరుకు సరిపోయే, అదే పిస్టన్ సైజున్న కొత్త కాలిపర్ కొంటాను. షోరూందైనా పర్వాలేదు, బండి కంపెనీకి సప్లై చేసే వాళ్లే తమ సొంత పెట్టెలో అమ్మేదైనా పర్వాలేదు. పుదుపేట సరుకు వద్దు. ఎర్ర కిట్ అసలే వద్దు. కానీ డబ్బు తీసే ముందు ఒక గంట పని ఉంది. మీరు రాసిన లక్షణాలు కాలిపర్ వల్లే వచ్చాయని ఇంకా తేలలేదు. నేను తిరుపతిలో బ్రేకు పనులే ఎక్కువగా చేసే షెడ్ నడుపుతున్నాను. "కాలిపర్ పోయిందన్నా" అంటూ వచ్చే బండ్లలో సగానికి సగం కాలిపర్ మార్చకుండానే తిరిగి వెళతాయి.

ముందు దొంగ ఎవరో తేల్చండి

బండిని కాసేపు నడిపి, చదునైన చోట ఆపి, వెనక చక్రాలకు రాళ్లు పెట్టి ముందు ఎడమ చక్రం జాకీ మీద లేపండి. బ్రేకు గట్టిగా తొక్కించి వదిలేయించండి. చక్రాన్ని చేత్తో తిప్పి చూడండి. ప్యాడ్ కాస్త రాసుకునే చప్పుడు మామూలే. రెండు చేతులతో లాగినా తిరగకపోతే పట్టేసిందన్న మాట.

ఇప్పుడు కాలిపర్ మీదున్న నిపుల్‌కి (ఆయిల్, గాలి బయటికి వదిలే చిన్న మర) ఒక ట్యూబు తగిలించి కొద్దిగా లూజు చేయండి. బ్రేక్ ఆయిల్ ఒక్కసారిగా చిమ్మి చక్రం ఫ్రీ అయితే కాలిపర్‌ది తప్పు కాదు. ఆయిల్ ప్రెషర్ వెనక్కి పోలేక లోపల నిలిచిపోయింది. నిపుల్ తెరిచినా చక్రం బిగుసుకునే ఉంటే అప్పుడు పిస్టనో, కాలిపర్ జారే పిన్నులో జామ్ అయినట్టు.

మొదటి రకంలో ఎక్కువసార్లు దొరికేది కాలిపర్‌కి ఆయిల్ తెచ్చే రబ్బరు హోస్. పాత హోస్ బయటికి బాగానే కనబడుతుంది, లోపలి పొర ఉబ్బి దారి మూసేస్తుంది. కాలితో తొక్కే ప్రెషర్ ఎక్కువ కాబట్టి ఆయిల్ ముందుకు పోతుంది. వెనక్కి రావడానికి పిస్టన్ సీల్ ఇచ్చే చిన్న లాగుడు తప్ప వేరే బలం లేదు, అది ఆ ఇరుకు దారికి చాలదు. హోసేనని నిర్ధారించుకోవాలంటే, ఈసారి నిపుల్ కాకుండా హోస్ పై కొసన ఇనుప పైపు కలిసే చోట లూజు చేయండి. అక్కడ విప్పినా చక్రం ఫ్రీ కాలేదు, కింద నిపుల్ విప్పితే ఫ్రీ అయిందంటే హోస్ మార్చండి, కాలిపర్ జోలికి పోకండి. మారిస్తే రెండు వైపులా మార్చండి, వాటి వయసు ఒకటే కదా.

రెండు ముందు చక్రాలూ ఒకేలా పట్టేస్తుంటే అది మాస్టర్ సిలిండర్ (పెడల్ తొక్కితే ఆయిల్‌ను తోసే భాగం) దగ్గర సంగతి. మీది ఒక్క ఎడమ చక్రమే కాబట్టి అంత దూరం పోనక్కర్లేదు.

స్కార్పియో, బొలేరో లాంటి బండ్లకు ఇంకో విషయం చూడాలి. వీటికి వెనక డ్రమ్ములు. డ్రమ్ముల్లో షూ అరిగి, అడ్జస్టర్ తుప్పు పట్టి కదలకపోతే వెనక బ్రేకు పేరుకే ఉంటుంది. భారమంతా ముందు చక్రాల మీద పడుతుంది, అవి వేడెక్కుతాయి. అప్పుడు ఎంత మంచి కాలిపర్ వేసినా ఆరు నెలల్లో మళ్లీ అదే వాసన. హ్యాండ్ బ్రేకు బాగా పైదాకా లాగితే గానీ పట్టడం లేదంటే ముందు డ్రమ్ములు విప్పించండి.

లాగుడు గురించి కూడా ఒక మాట. బ్రేకు తొక్కకుండానే బండి ఎడమకు పోతోందంటే ఎడమ చక్రం పట్టేసి ఉంది. మామూలుగా తిన్నగానే పోతూ, తొక్కినప్పుడు మాత్రమే ఒక పక్కకు లాగితే తప్పు తరచుగా అవతలి పక్కన ఉంటుంది, అటువైపు కాలిపర్ పని చేయడం లేదన్న మాట. చాలామంది లాగిన వైపే విప్పేసి, ఏమీ దొరక్క, మంచి కాలిపర్‌ని మార్చేస్తుంటారు.

నిజంగా కాలిపరే అయితే, అందులో ఏది?

మీ బండికి ముందున్నది జారే రకం కాలిపర్. పిస్టన్లు లోపలి వైపు మాత్రమే ఉంటాయి. అవి లోపలి ప్యాడ్‌ను డిస్క్ మీదకు తోస్తే, ఆ ఎదురు బలంతో కాలిపర్ మొత్తం పిన్నుల మీద జారి బయటి ప్యాడ్‌ను లాగుతుంది. కాబట్టి పిస్టన్ కదలాలి, పిన్నులూ కదలాలి. ప్యాడ్లు బయటికి తీసి పక్కపక్కన పెట్టి చూస్తే సగం కథ అవే చెబుతాయి. రెండూ సమానంగా అరిగి ఉంటే మంచిదే. ఒకటి రేకు దాకా అరిగి ఇంకోటి సగం మిగిలి ఉంటే పిన్నులను అనుమానించండి. ఒకే ప్యాడ్ ఒక కొసన ఎక్కువ, ఇంకో కొసన తక్కువ అరిగి ఉంటే ఒక పిన్ను పట్టేసిందో, జంట పిస్టన్లున్న కాలిపర్‌లో ఒక పిస్టన్ కదలడం లేదో చూడాలి.

పిన్ను చేత్తో లాగితే రావాలి, తోస్తే పోవాలి. రాకపోతే తీసి శుభ్రం చేసి, వాటి రబ్బరు తొడుగులు (బూట్లు) కొత్తవి వేసి, బ్రేకులకని అమ్మే సిలికాన్ గ్రీజు పూస్తే చాలు. ఇది కాలిపర్ ధరలో చిల్లరతో అయిపోయే పని. ఇక్కడే మన షెడ్లలో రెండు చెడ్డ అలవాట్లున్నాయి. ఒకటి, వీల్ బేరింగులకు వాడే గ్రీజునే పిన్నులకు పూయడం. రెండు, కాలిపర్‌ను డీజిల్‌తోనో పెట్రోలుతోనో కడగడం. బ్రేకుల్లో వాడే రబ్బరుకు బ్రేక్ ఆయిల్ పడుతుంది, పెట్రోలియం సరుకు పడదు. డీజిల్ తగిలితే ఉబ్బుతుంది. ఉబ్బిన సీల్ పిస్టన్‌ను పట్టేస్తుంది. కడిగించుకుని వెళ్లిన బండి కొన్ని వారాలకు చక్రం కాలుతోందని తిరిగి వస్తుంది, అప్పుడు "కాలిపర్ పోయింది, మార్చాలి" అంటారు. కడగాలంటే బ్రేక్ క్లీనర్ స్ప్రే ఉంది, లేదంటే కొత్త బ్రేక్ ఆయిల్‌తోనే కడగొచ్చు.

పిన్నులు బాగుండి పిస్టన్ వెనక్కి పోకపోతే అసలు నిర్ణయం అప్పుడు వస్తుంది. సీల్ కిట్ వేయాలా, కాలిపర్ మార్చాలా?

దీనికి పిస్టన్ బయటికి తీసి చూడాల్సిందే. డిస్క్ బ్రేకులో సీల్ పిస్టన్‌తో పాటు తిరగదు. అది కాలిపర్ లోపల గాడిలో కూర్చుని ఉంటుంది, పిస్టన్ దాని మధ్య నుంచి జారుతుంది. ఆయిల్ ఆగేది సీల్‌కీ పిస్టన్ ఒంటికీ మధ్యన. అందుకని పిస్టన్ ఒళ్లు అద్దంలా ఉండాలి. గోటికి తగిలే గుంట ఒక్కటున్నా ఆ పిస్టన్ పనికిరాదు. కాలిపర్ గోడ మీద కాస్త మచ్చ ఉన్నా పర్వాలేదు, అక్కడ సీల్ రాయదు. (మాస్టర్ సిలిండర్‌లో తిరగేసి ఉంటుంది. అక్కడ సీల్ పిస్టన్‌తో పాటే కదులుతుంది, కాబట్టి గోడే ముఖ్యం. ఈ రెండూ కలిపేసుకుని కాలిపర్ గోడను అరగంట ఎమరీ కాగితంతో రుద్దేవాళ్లను చూస్తుంటాను.) చాలామంది చూడనిది సీల్ కూర్చునే గాడి. అందులో తుప్పు పేరుకుంటే అది సీల్‌ను వెనక నుంచి పిస్టన్ మీదకు నొక్కుతుంది. కొత్త సీల్ వేసినా, కొత్త పిస్టన్ వేసినా మళ్లీ బిగుస్తుంది. గాడిని పదును లేని పనిముట్టుతో శుభ్రం చేస్తే తుప్పు పోయి నునుపుగా ఉందా, కొత్త పిస్టన్లు, సీల్ కిట్ వేసుకోండి, కాలిపర్ కొనక్కర్లేదు. గాడిని తుప్పు తినేసిందా, నిపుల్ మరలు పోయాయా, నిపుల్ లోపలే విరిగిందా, అప్పుడు కొత్త కాలిపర్.

ఈ తేడా చూపించని మెకానిక్‌ని విప్పి చూపించమని అడగండి. అడిగితే కోపం తెచ్చుకునేవాడి దగ్గర బ్రేకు పని చేయించకపోవడమే మంచిది.

ఇప్పుడు కొనుగోలు

షోరూంకి గానీ పెద్ద స్పేర్ పార్ట్స్ కొట్టుకి గానీ ఆర్‌సీ తీసుకుని వెళ్లండి. "2015 స్కార్పియో" అంటే చాలదు. ఒకే పేరుతో అమ్మిన బండిలో మధ్యలో డిస్క్ సైజు మారుతుంది, కాలిపర్‌ను పట్టి ఉంచే బ్రాకెట్ మారుతుంది, పిస్టన్ మారుతుంది. 17 అక్షరాల చాసిస్ నంబరు చూసి పార్ట్ నంబరు తీయించండి. ఆ నంబరు రాసుకుని, ఆ తర్వాత ఎక్కడ కొన్నా మీ ఇష్టం. తిరుపతిలో దొరక్కపోతే చెన్నై జనరల్ ప్యాటర్స్ రోడ్డు, చిత్తూరు వైపు వాళ్లకైతే బెంగళూరు జేసీ రోడ్డు. రెండు చోట్లా నంబరు చెబితే పని త్వరగా అవుతుంది. బండి పేరు చెబితే వాళ్ల దగ్గర ఉన్నది అంటగడతారు.

సొంత పెట్టెలో అమ్మే సప్లయర్ సరుకు గురించి భయం అక్కర్లేదు. బండి కంపెనీలు కాలిపర్లు తామే పోత పోయవు. చెన్నై పాడిలో 1962లో మొదలైన బ్రేక్స్ ఇండియా లాంటి వాళ్ల పనే అది. టీవీఎస్ గర్లింగ్ పేరుతో కొట్లలో కనిపించేది వాళ్ల సరుకే. వాళ్ల ఫౌండ్రీ ఒకటి మన నగరి అవతల షోళింగర్‌లోనే ఉంది. బాష్, బ్రెంబో, టీఆర్‌డబ్ల్యూ, అద్విక్స్, మాండో కూడా బండి కంపెనీలకు బ్రేకులు ఇచ్చేవాళ్లే. అయితే మీ పార్ట్ నంబరుకు వీళ్లలో ఎవరి సరుకు వస్తుందో పాత కాలిపర్ మీద పోతలో ఉన్న గుర్తు చూస్తే తెలుస్తుంది. ఆ గుర్తున్నదే కొనుక్కుంటే కళ్లు మూసుకుని కొనొచ్చు.

అసలు చిక్కు పేరు తెలియని పెట్టెలతోనూ, తెలిసిన పేరుతో వచ్చే నకిలీలతోనూ వస్తుంది. కొట్టులోనే పెట్టె విప్పించండి. ఆయిల్ పోయే రంధ్రానికి ప్లాస్టిక్ మూత ఉందా? నిపుల్‌కి రబ్బరు టోపీ ఉందా? పిన్ను చేత్తో సాఫీగా జారుతోందా? బ్రాకెట్ మీద ప్యాడ్ కూర్చునే ముఖాలు మెషిన్ చేసి ఉన్నాయా, పోతగానే వదిలేశారా? పెట్టె మీద ఎంఆర్‌పీ, తయారీ నెల, పార్ట్ నంబరు అచ్చు స్పష్టంగా ఉందా? పాత కాలిపర్ వెంట తీసుకెళ్లి పక్కన పెట్టి పోల్చడం అన్నిటికన్నా మేలు. ఒక వెర్నియర్ ఉంటే పిస్టన్ సైజు కొలవండి. కొన్ని కాలిపర్ల మీద ఆ సైజు పోతలోనే అంకెగా ఉంటుంది. బిల్లు తప్పకుండా తీసుకోండి. 2025 సెప్టెంబరు 22 నుంచి బండి పార్టుల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి దిగింది, "బిల్లు లేకుండా అయితే తగ్గిస్తా" అనే మాటకు ఇదివరకున్నంత ఆశ కూడా ఇప్పుడు లేదు.

పిస్టన్ సైజు మీద ఇంత పట్టు ఎందుకంటారా? 57 మిల్లీమీటర్ల పిస్టన్ బదులు 60 ఉన్నది వచ్చిందనుకోండి. చూపుకి తేడా తెలియదు, బోల్టులు కూడా సరిపోవచ్చు. కానీ వైశాల్యం 11 శాతం దాకా పెరుగుతుంది. అదే తొక్కుడుకు ఆ చక్రం 11 శాతం ఎక్కువ పడుతుంది, పెడల్ కూడా ఇంకాస్త కిందికి పోతుంది. రెండు వైపులా ఒకేలా పెరిగితే ముందు వెనకల లెక్క తప్పుతుంది. ఒక్క వైపే పెరిగితే ప్రమాదమే. మదనపల్లె నుంచి టమోటా లోడు తెచ్చే ఒక బొలేరో పికప్ ఇలాగే నా దగ్గరికి వచ్చింది. ఎక్కడో దారిలో కుడి కాలిపర్ మార్చారు, బోల్టులు పట్టాయి కదా అని వేరే మోడల్‌ది వేసేశారు. ఊళ్లో డ్రైవర్‌కి ఏమీ తెలియలేదు. భాకరాపేట ఘాట్‌లో లోడుతో గట్టిగా తొక్కేసరికి బండి కుడికి, అంటే ఎదురుగా వచ్చే బండ్ల వైపుకు లాగింది. అతను టైర్లు మార్చాడు, అలైన్‌మెంట్ చేయించాడు, చివరికి బ్రేకు దగ్గరికి వచ్చాడు. వెర్నియర్ పెట్టగానే విషయం తేలిపోయింది.

పాత కాలిపర్ ఎందుకు వద్దంటున్నాను

పుదుపేటలో కష్టపడి వెతికితే మంచి సరుకు ఉండదని కాదు. డోరు, బంపరు, సీటు కొనుక్కోండి, కంటికి కనిపించేదే సరుకు. కాలిపర్‌లో చెడేదంతా లోపల ఉంటుంది. గుద్దిన బండిదో, వరద నీళ్లలో మునిగి నెలలు నిలబడిన బండిదో మీకు తెలియదు. పైన ఇసుకతో కొట్టి, వెండి రంగు పూసి ఉంటుంది. పైగా, ఆ కాలిపర్ తెచ్చి కొత్త పిస్టన్లు, సీళ్లు, బూట్లు, పిన్నులు వేస్తే, మీ పాత కాలిపర్‌కే ఆ సామాన్లు వేసుకున్నంత ఖర్చు. మరి ఎందుకు తెచ్చినట్టు? తయారీ ఆగిపోయిన పాత మోడల్ అయితేనే నేను ఆ దారి పడతాను. అప్పుడు కూడా ఒట్టి ఇనుప పోత కొంటున్నామనే లెక్కలో కొని, లోపలిదంతా కొత్తది వేస్తాను.

ఎర్ర కిట్ సంగతి

నాలుగు పిస్టన్లంటే రెండింతలు పట్టు అనుకుంటారు. అది అలా పని చేయదు. కదలని రకం కాలిపర్‌లో రెండు పిస్టన్లు ఒక వైపు, రెండు ఎదురు వైపు ఉంటాయి. పట్టు లెక్కలోకి ఒక వైపు వైశాల్యమే వస్తుంది. ఉదాహరణకు 42 మిల్లీమీటర్ల పిస్టన్లు నాలుగున్న కిట్‌లో ఒక వైపు రెండింటి వైశాల్యం 2,771 చదరపు మిల్లీమీటర్లు. 45 మిల్లీమీటర్ల పిస్టన్లు రెండున్న మామూలు జారే కాలిపర్‌లో 3,181. అంటే మామూలుదే గట్టిగా పడుతుంది!

మంచి కంపెనీ కిట్లు పనికిరానివని నేననను. అవి పెద్ద డిస్క్‌తో, లెక్క కట్టిన పిస్టన్లతో, ఒక్కో బండికి విడిగా వస్తాయి. ధర కూడా అలాగే ఉంటుంది. ఏ బండికైనా పడుతుందని అమ్మే కిట్‌కు ఎవరు లెక్క కట్టారు? పైగా పెద్ద కాలిపర్ మీ రిమ్ లోపల పట్టకపోతే రిమ్ములు మార్చాలి, ఆ వెంట టైర్లు. ఒకాయన ఇలా వేసుకుని వచ్చి బ్రేకు పెడల్ మెత్తగా ఉందని చూపించారు. ఆయనకు ఎక్కడ ఆపినా జనం వచ్చి చూసే సంతోషం దక్కింది గానీ, పెడల్ మాత్రం చివరిదాకా ఆయనకు నచ్చలేదు, పాతవే వేయించుకున్నారు. ఎర్ర రంగే కావాలంటే వేడికి తట్టుకునే పెయింటు డబ్బా దొరుకుతుంది.

గట్టిగా తొక్కితే చక్రం లాక్ అయ్యేంత, లేదా ఏబీఎస్ (చక్రం లాక్ కాకుండా చూసే ఏర్పాటు) కొట్టుకునేంత పట్టు మీ మామూలు బ్రేకుకే ఉంది. అక్కడి నుంచి బండి ఎంత దూరంలో ఆగుతుందన్నది టైరు చేతిలో ఉంది. కొండ మీద సమస్య పట్టు చాలకపోవడం కాదు, వేడి.

వేడి లెక్క

మనుషులు, సామాన్లతో కలిపి బండి రెండున్నర టన్నులు అనుకుందాం. తిరుమల నుంచి అలిపిరికి దిగే ఎత్తు సుమారు 700 మీటర్లు. ఆ ఎత్తు దిగేటప్పుడు ఎక్కడో ఒక చోట పోవాల్సిన శక్తి దాదాపు 17 మెగాజౌళ్లు. దిగడానికి 40 నిమిషాలు పట్టాలన్న నిబంధన ప్రకారమే దిగితే సగటున 7 కిలోవాట్లు. రెండు కిలోవాట్ల గీజర్లు మూడింటికి పైగా ఆపకుండా 40 నిమిషాలు కాగినంత వేడి. గాలి, టైర్లు కొంత తీసుకుంటాయి. మిగిలింది ఇంజన్ తీసుకోవాలి, లేదా బ్రేకు తీసుకోవాలి. 1944లో వేసిన మొదటి ఘాట్ రోడ్డు మీదే మనం దిగేది, 19 కిలోమీటర్ల దూరంలో 36 మలుపులు. ప్రతి మలుపులో తొక్కక తప్పదు. మలుపుకీ మలుపుకీ మధ్య కూడా కాలు బ్రేకు మీదే ఉంచితే డిస్క్ చల్లారే సమయం దొరకదు.

ఆ వేడి ప్యాడ్ల మీదుగా పిస్టన్‌కి, పిస్టన్ నుంచి బ్రేక్ ఆయిల్‌కి పాకుతుంది. కొత్త డాట్ 3 ఆయిల్ కనీసం 205 డిగ్రీల దాకా మరగకూడదు, డాట్ 4 అయితే 230. కానీ ఈ ఆయిల్ గాలిలో తేమను పీల్చుకుంటుంది. 3.7 శాతం నీరు చేరినప్పుడు ఉండాల్సిన కనీస హద్దు డాట్ 3కి 140 డిగ్రీలే, డాట్ 4కి 155. మన దగ్గర అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానలు, తేమ. ఏళ్ల తరబడి మార్చని నల్లటి ఆయిల్‌తో దిగితే ఏదో ఒక మలుపులో అది మరిగి ఆవిరవుతుంది. ఆవిరి నలుగుతుంది, ఆయిల్ నలగదు. పెడల్ నేలకు తగులుతుంది, బండి ఆగదు. అరగంట ఆపితే చల్లారి మళ్లీ మామూలైపోతుంది, మెకానిక్ దగ్గరికి వచ్చేసరికి ఏ తప్పూ కనబడదు. అదే నీరు పిస్టన్‌ను, సీల్ గాడిని లోపల నుంచి తుప్పు పట్టిస్తుంది కూడా. మీ కాలిపర్ నిజంగానే పోయి ఉంటే కారణం చాలావరకు అదే.

కాబట్టి కాలిపర్‌కి పెట్టే డబ్బులో కొంచెం ఆయిల్‌కి పెట్టండి. బండిలో బ్రేక్ ఆయిల్ పోసే చోట మూత మీద ఏది రాసి ఉంటే ఆ రకం, సీలు తీయని డబ్బా. మామూలు బండికి రెండేళ్లకోసారి, కొండ ట్రిప్పుల బండికి ఏడాదికోసారి మొత్తం మార్చండి, నేనైతే బ్రహ్మోత్సవాల ముందే మార్చేస్తాను. డాట్ 5 అని రాసి ఉన్నది మాత్రం పొయ్యకండి. అది సిలికాన్ రకం, మిగతావాటితో కలవదు. డాట్ 5.1 వేరు, అది కలుస్తుంది.

దిగేటప్పుడు మొదటి మలుపు రాకముందే రెండో గేరులో పెట్టుకోండి. డీజిల్ మిగులుతుందని న్యూట్రల్‌లో దిగే డ్రైవర్లు ఇంకా ఉన్నారు. గేరులో దిగుతూ యాక్సిలరేటర్ వదిలేస్తే నేటి ఇంజన్లు డీజిల్ పోయడమే ఆపేస్తాయి, న్యూట్రల్‌లోనే ఇంజన్ ఆగకుండా ఉండటానికి తాగుతాయి. అంటే ఆ ఆదా కూడా లేదు. దిగిన వెంటనే చక్రాల మీద నీళ్లు కొట్టించకండి, కాలే డిస్క్ వంకర పోతుంది.

బిగించేటప్పుడు దగ్గరుండి చూడాల్సినవి

కాలిపర్ కుడి ఎడమలు తారుమారు చేసినా బోల్టులు పడతాయి. బిగించాక నిపుల్ పైభాగంలో ఉండాలి. కింద ఉందంటే తారుమారైంది. గాలి పైకే పోతుంది కదా, ఎంతసేపు ఎయిర్ తీసినా పెడల్ మెత్తగానే ఉంటుంది. హోస్ బోల్టుకు రెండు రాగి వాషర్లు ఉంటాయి, అవి ఒకసారి నలిగితే మళ్లీ వాడకూడదు, కొత్తవి అడగండి. విప్పిన కాలిపర్‌ను హోస్‌కి వేలాడదీయనివ్వకండి, తీగతో కట్టమనండి. హోస్ మెలి తిరగకుండా ఉందా అని స్టీరింగ్ రెండు వైపులా చివరిదాకా తిప్పి చూడండి. పిస్టన్‌ను లోపలికి నొక్కేటప్పుడు నిపుల్ తెరిచి నొక్కాలి, లేకపోతే కింద పేరుకున్న మురికి ఆయిల్ ఏబీఎస్‌లోకి ఎక్కుతుంది. ఎయిర్ తీసేటప్పుడు పాత మాస్టర్ సిలిండర్ ఉన్న బండిలో పెడల్‌ను నేలదాకా కొట్టించకండి, సగం వరకే తొక్కించండి. ఏళ్లుగా సీల్ తిరగని చోట తుప్పు ఉంటుంది, అక్కడికి పోతే ఆ సీల్ చిరిగి కొత్త ఖర్చు మొదలవుతుంది.

ఒక వైపే పోతే రెండూ ఎందుకు మార్చాలంటారా? మీ మెకానిక్ ఇందులో తప్పు చెప్పలేదు, కాకపోతే నేను అంత గట్టిగా పట్టుబట్టను. ఎడమది తుప్పుతో పోతే కుడిది కూడా అదే ఆయిల్ తాగింది, దాన్ని కనీసం విప్పి చూడాలి. పిస్టన్ బాగుంటే సీల్ కిట్ వేసి వదిలేయొచ్చు. ప్యాడ్లు మాత్రం రెండు వైపులా ఒకే కంపెనీవి, ఒకే రకానివి కొత్తవి వేయాలి. డిస్క్ మీద తయారీదారు రాసిన కనీస మందం అంకె ఉంటుంది. అంతకన్నా పలచబడితే లేత్ మీద పెట్టించకుండా మార్చేయండి, పలచని డిస్క్ త్వరగా కాగుతుంది.

కొత్త ప్యాడ్లతో అదే రోజు కొండకు పోకండి. రేణిగుంట రోడ్డు లాంటి తిన్నటి రోడ్డు మీద, వెనక బండ్లు లేనప్పుడు, ఓ మాదిరి వేగం నుంచి నెమ్మదిగా తగ్గిస్తూ, మధ్యలో చల్లారనిస్తూ కొన్నిసార్లు చేయండి. ప్యాడ్ డిస్క్‌కి కుదురుకుంటుంది.

ఇదే ప్రశ్న కింద ఒకరు టిప్పర్ గురించి అడిగారు. పెద్ద లారీలకు, టిప్పర్లకు ఎయిర్ బ్రేకులు, చాలావాటికి డ్రమ్ములు. పైన రాసింది వాటికి వర్తించదు. వెనక చక్రాలకు ఎలక్ట్రానిక్ పార్కింగ్ బ్రేకు ఉన్న కొత్త ఎస్‌యూవీల వాళ్లు కూడా జాగ్రత్త. స్కానర్‌తో సర్వీస్ మోడ్‌లో పెట్టకుండా వెనక పిస్టన్ నొక్కితే మోటారు పాడవుతుంది.

స్కార్పియో వారికి: నిపుల్ పరీక్ష చేసి, చక్రం ఫ్రీ అయిందో లేదో, ప్యాడ్లు ఎలా అరిగాయో ఇక్కడ రాయండి. పాత కాలిపర్ మీద పోతలో ఉన్న గుర్తు ఫోటో కూడా పెడితే ఏ పెట్టె అడగాలో చెబుతాను. అది తేలేదాకా శ్రీకాళహస్తి ట్రిప్పులు కూడా ఆపుకోండి. కాలిన వాసన వస్తున్న చక్రంతో కొండ దిగడం మాత్రం ఈ రోజు నుంచే వద్దు, ఆ ట్రిప్పులు తెలిసిన వాళ్ల బండికి ఇచ్చేయండి.